మంచు మోసిన సముద్రం

ఉత్తర అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దానిని ఆనుకొని ఉన్నవన్నీ మంచినీటి మహాసరస్సులే. ఆ సరస్సుల ఒడ్డున, దున్నిన పొలాలలో, కంకర కోసం తవ్విన గోతులలో ఒక విధమైన బూడిదరంగు రాళ్లు దొరుకుతాయి. ఎండి ఉన్నప్పుడు అవి సాధారణమైన సున్నపురాళ్లవలె కనిపిస్తాయి. వాటిని నీటిలో ముంచి తీయగానే చాలావరకు ఆరు భుజాలు గల గళ్లు, ఒక్కొక్క గడి నడుమ కంటిపాపవంటి నల్లని చుక్క, ఆ చుక్కనుండి అంచులకు సాగే సన్నని గీతలు బయటపడతాయి. తడి ఆరగానే ఆ చిత్రం మళ్లీ మాయమవుతుంది. అది సుమారు 38 కోట్ల సంవత్సరాల క్రితం, లోతు తక్కువైన వెచ్చని సముద్రంలో జీవించిన పగడపు జీవుల గూడు. శాస్త్రజ్ఞులు ఆ పగడానికి హెక్సాగొనేరియా అని పేరు పెట్టారు. ప్రజలు దానిని పెటోస్కీ రాయి అని పిలుస్తారు. 1965లో మిషిగన్ దానిని తన రాష్ట్ర శిలగా ప్రకటించింది.

సముద్రం లేని చోట సముద్రజీవి శిలాజం దొరకడం వింత కాదు. ఒకప్పుడు సముద్రగర్భమైన నేల తరువాత మెట్టనేల కావడం భూమి చరిత్రలో ఎన్నో చోట్ల జరిగింది. కాని ఈ రాళ్ల విషయంలో మరొక చిక్కు ఉన్నది. వాటిలో అనేకం తాము పుట్టిన రాతిపొరలో లేవు. ఇసుక, మట్టి, గులకరాళ్లు, ఏనుగంత బండలు ఒకదానితో ఒకటి కలగలిసిన నిక్షేపాలలో ఉన్నాయి. ప్రవహించే నీరు తాను మోసుకొచ్చిన పదార్థాన్ని పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది. బరువైన రాళ్లను ముందుగా వదిలి, ఇసుకను ఆ తరువాత, ఒండ్రును చిట్టచివర పరుస్తుంది. ఇటువంటి వివేచన లేకుండా చిన్నదీ పెద్దదీ ఒకేచోట కుప్పపోసి పోయేది హిమానీనదం. సుమారు 20 వేల సంవత్సరాల క్రితం ఉత్తర అమెరికా ఉత్తరభాగాన్ని లారెన్‌టైడ్ అనే మహా హిమఫలకం కప్పివేసింది. కొన్ని చోట్ల దాని మందం మూడు కిలోమీటర్లకు చేరింది. అది కదులుతూ అడుగునున్న రాతిపొరలను పెకలించింది, నూరింది, మోసింది. వాతావరణం వేడెక్కి కరిగినప్పుడు తన బరువునంతా ఎక్కడికక్కడ దించివేసింది. ఆ బరువులో ప్రాచీన సముద్రాల శిలాజాలు కూడా ఉన్నాయి.

ఇటువంటి హిమ నిక్షేపాలలో దొరికే శిలాజాలను గుర్తించడం సులభం కాదు. హిమఫలకం ఒక పెద్ద తిరగలి వంటిది. సముద్రజీవుల చిప్పలు, పగడాలు చాలావరకు కాల్సైట్ వంటి మెత్తని ఖనిజంతో ఏర్పడతాయి. దానిని ఇనుప చాకుతోనే గీయవచ్చు. అంతకన్న గట్టి రాళ్ల నడుమ నలిగినప్పుడు చిప్ప మీది గాళ్లు, ముళ్లు, అంచుల నగిషీలు మొదట చెరిగిపోతాయి. గుర్తింపునకు ఎక్కువగా ఉపయోగపడేవి ఆ వివరాలే. మిగిలిన ముక్క కరిగిన మంచునీటిలో దొర్లి నునుపెక్కుతుంది. నేలలో ఇంకిన నీరు కొన్ని చిప్పలను పూర్తిగా కరిగించి, రాతిలో వాటి అచ్చులను మాత్రమే మిగుల్చుతుంది. ఈ దశలన్నీ దాటి మనిషి చేతికి వచ్చేది తరచుగా ఒక మసక గుర్తు, ఒక అర్ధవలయం, కొన్ని గీతలు మాత్రమే.

ఈ స్థితిలో పరిశీలకుడు వేసుకొనవలసిన మొదటి ప్రశ్న “ఇది ఏ జీవి?” అన్నది కాదు. “ఇది అసలు జీవి అవశేషమేనా?” అన్నది. ప్రకృతి ప్రాణం లేని రాతిమీద కూడా ప్రాణి రూపాలను గీయగలదు. రాతి పగుళ్లలోకి మాంగనీసు ఆక్సైడు చొరబడి కొమ్మలు రెమ్మలుగా వ్యాపిస్తే అది అచ్చంగా నాచుమొక్కలా కనిపిస్తుంది. కాని అందులో మొక్క ఏదీ లేదు. మట్టిలో ఖనిజాలు ఒక కేంద్రం చుట్టూ పేరుకొని గట్టిపడితే గుడ్డు వంటి ఉండలు, చిప్ప వంటి బిళ్లలు ఏర్పడతాయి. మంచు సైతం ఈ మాయలో పాలుపంచుకొంటుంది. హిమానీనదం అడుగున చిక్కిన రాళ్లు ఒకదానినొకటి గీసుకొన్నప్పుడు వాటిపై వరుస గీతలు పడతాయి. ఆ గీతలు చిప్పమీది గాళ్లేమో అని భ్రమ కలుగుతుంది. ఈ రెండింటినీ వేరుచేయడానికి ఒక ఉపాయం ఉన్నది. జీవి నిర్మించుకొన్న గాళ్లు దాని ఆకారానికి లోబడి ఉంటాయి. చిప్ప కొననుండి విసనకర్ర పుల్లలవలె విచ్చుకొని, చిప్ప అంచు దగ్గర ఆగిపోతాయి. మంచు గీసిన గీతలకు అటువంటి హద్దు లేదు. అవి చిప్పనూ, దాని చుట్టూ ఉన్న రాతినీ ఒకే తీరుగా కోసుకొంటూ పోతాయి.

జీవి అవశేషమేనని తేలిన తరువాత దానిని చూడడంలోనే ఒక పద్ధతి ఉన్నది. రాతిని తడిపితే రంగుల తేడా స్పష్టమవుతుంది. పెటోస్కీ రాయి రహస్యం అదే. ఎత్తుపల్లాలను చూడాలంటే నడినెత్తిన పడే వెలుగు పనికిరాదు. ఉదయపు ఎండవలె పక్కనుండి వాలుగా పడే వెలుగులో అరిగిపోయిన గాడి కూడా తన సన్నని నీడను చూపుతుంది. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం అంతకుమించిన వివరాలను అందిస్తుంది. ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వేసినప్పుడు బుసబుస పొంగితే అది సున్నపు పదార్థమని తెలుస్తుంది. అయితే పొంగనంత మాత్రాన శిలాజం కాదనుకోరాదు. కొన్ని శిలాజాలలో సున్నపు పదార్థం తొలగి, దాని స్థానంలో సిలికా చేరుతుంది. అవి ఆమ్లానికి చలించవు. పైగా సున్నపురాయిలో చిక్కుకొన్న ఇటువంటి శిలాజాలను ఆమ్లంలో ఉంచితే రాయి కరిగి, శిలాజం చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది.

రూపం చెరిగినా నిర్మాణం మిగులుతుందన్నది ఈ శాస్త్రంలోని ముఖ్య సూత్రం. ఆవుకొమ్ము వలె వంగి ఉన్న రాయిని అడ్డంగా కోస్తే, కేంద్రంనుండి చక్రపు ఆకులవలె విచ్చుకొన్న పలుచని గోడలు కనిపిస్తాయి. అది కొమ్ము పగడం. తేనెపట్టు వలె చిన్నచిన్న గళ్లు ఉండి, గడిలోపల అటువంటి ఆకులు స్పష్టంగా కనిపించకపోతే అది ఫేవొసైటిస్ అనే మరొక పగడం కావచ్చు. నడుమ రంధ్రం ఉండి దండనుండి తెగిపడిన పూసలవలె ఉండే బిళ్లలు సముద్రలిల్లి కాడలోని ముక్కలు. పేరులో పువ్వు ఉన్నా సముద్రలిల్లి మొక్క కాదు. అది నక్షత్రచేపకు బంధువైన జంతువు. ఆ కాడలోని ఒక్కొక్క బిళ్ల ఒకే కాల్సైట్ స్ఫటికంవలె ప్రవర్తిస్తుంది. అందువల్ల విరిగిన ముఖాన్ని వెలుగులో తిప్పినప్పుడు అది అద్దపుపెంకులా ఒక్కసారిగా మెరుస్తుంది. ఎంత అరిగిన ముక్క అయినా ఈ మెరుపుతో తన జాతిని చెప్పుకొంటుంది.

రెండు చిప్పలు గల జీవుల విషయంలో సౌష్ఠవం దారి చూపుతుంది. ఆలిచిప్పల జాతి జీవులలో సాధారణంగా కుడిచిప్ప, ఎడమచిప్ప ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబాలవలె ఉంటాయి. కాని ఒక్క చిప్పను తీసుకొని నిలువునా రెండు భాగాలు చేస్తే ఆ భాగాలు సమానంగా ఉండవు. బ్రాకియోపాడ్లు అనే ప్రాచీన సముద్రజీవులలో దీనికి విరుద్ధంగా ఉంటుంది. వాటి రెండు చిప్పలు పరిమాణంలో భిన్నంగా ఉన్నా, ఏ చిప్పకు ఆ చిప్ప నడిగీతకు ఇరువైపులా సమానంగా ఉంటుంది. సగం విరిగిన చిప్పలో సైతం ఈ నడిగీతను పోల్చుకొనగలిగితే అది ఏ కోవకు చెందినదో నిర్ణయించవచ్చు. బయటి పరీక్షలేవీ చాలనప్పుడు రాతిని పలుచగా కోసి, మిల్లీమీటరులో వందింట మూడు వంతుల మందం వచ్చేవరకు అరగదీస్తారు. అప్పుడు రాయి వెలుగును తననుండి పోనిస్తుంది. సూక్ష్మదర్శిని కింద గోడల అల్లిక, రంధ్రాల అమరిక దర్శనమిస్తాయి.

ఇంత శ్రమ తరువాత కూడా కొన్ని శిలాజాలకు పూర్తి పేరు దొరకదు. ప్రజాతి తెలిసి జాతి తెలియకపోవచ్చు. ఒక్కోసారి అది పగడమని మాత్రమే తెలియవచ్చు. అటువంటప్పుడు తెలిసిన మెట్టు దగ్గర ఆగిపోవడమే శాస్త్రధర్మం. ఫలానా జాతిని పోలి ఉన్నదని చెప్పడానికీ, ఫలానా జాతియే అని చెప్పడానికీ శాస్త్రజ్ఞులు వేర్వేరు సంకేతాలను వాడతారు. పేరు పక్కన ప్రశ్నార్థకాన్ని ఉంచడం కూడా వారికి అలవాటే. అది అజ్ఞానానికి గుర్తు కాదు. తరువాత వచ్చే పరిశోధకునికి ఇచ్చే హెచ్చరిక.

జీవిని గుర్తించడంతో పని ముగియదు. హిమ నిక్షేపాల విషయంలో రెండవ ప్రశ్న మొదటిదానికన్న కఠినమైనది. ఆ జీవి దొరికిన చోటనే జీవించిందా, లేక మరొక చోటునుండి వచ్చిందా? తాటిచెట్టు కింద కూర్చొని పాలు తాగినా కల్లే అంటారని సామెత. శిలాజాన్ని కూడా అది దొరికిన చోటును బట్టి అంచనా వేస్తే ఇటువంటి పొరపాటే జరుగుతుంది. 19వ శతాబ్దంలో గొప్ప శాస్త్రజ్ఞులే ఈ పొరపాటుకు లోనయ్యారు.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో మోయెల్ ట్రివాన్ అనే కొండ ఉన్నది. 1831లో జాషువా ట్రిమ్మర్ అనే భూవిజ్ఞాని ఆ కొండ పైభాగంలో, సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున, ఇసుక కంకరల నడుమ సముద్రపు చిప్పల ముక్కలను కనుగొన్నాడు. అవి కోట్ల ఏళ్లనాటి శిలాజాలు కావు. నేటి సముద్రాలలోని చిప్పలను పోలినవే. అంత ఎత్తుకు అవి ఎలా చేరాయి? 1842లో చార్లెస్ డార్విన్ ఆ కొండను పరిశీలించాడు. ఒకప్పుడు ఆ నేల అంతా సముద్రంలో మునిగి ఉండెననీ, తేలియాడే మంచుగడ్డలు అక్కడ బండలను జారవిడిచాయనీ ఆయన భావించాడు. ప్రసిద్ధ భూవిజ్ఞాని చార్లెస్ లయెల్ కూడా మునక వాదాన్నే సమర్థించాడు. సముద్రపు చిప్ప ఉంటే సముద్రం ఉండి తీరాలన్న తర్కం ఎవరికైనా సహజంగానే తోస్తుంది.

అయితే ఆ చిప్పలను శ్రద్ధగా పరిశీలించినకొద్దీ తర్కం తడబడింది. వాటిలో చాలావరకు ముక్కలే. బురదలో బతికే జీవుల చిప్పలు, ఇసుకలో బతికేవి, రాళ్లను అంటిపెట్టుకొని ఉండేవి ఒకే కుప్పలో ఉన్నాయి. చలి సముద్రపు జాతులు, అంత చలిలేని సముద్రపు జాతులు కలగలిసి ఉన్నాయి. ఇవన్నీ ఒకే చోట కలిసి కాపురం చేయజాలవు. పైగా నేల నిజంగా 400 మీటర్లు మునిగి ఉంటే, ఆ ఎత్తులోని ఇతర కొండలన్నిటిమీద కూడా పాత సముద్రతీరాల ఆనవాళ్లు ఉండాలి. అవి లేవు. 1870లో జేమ్స్ క్రాల్ స్కాట్లండ్‌లోని కేత్‌నెస్ ప్రాంతపు చిప్పలున్న మట్టిని గురించి చర్చిస్తూ, సముద్రగర్భం మీదుగా సాగిన హిమఫలకమే ఆ చిప్పలను నేలమీదికి తెచ్చిందని వాదించాడు. 1874లో థామస్ బెల్ట్ వేల్స్ చిప్పలకు కూడా అటువంటి వివరణనే ఇచ్చాడు. ఐరిష్ సముద్రపు అడుగును గీరుకొంటూ వచ్చిన మంచు తనతోపాటు అక్కడి ఇసుకను, చిప్పలను కొండమీదికి నెట్టింది. స్కాట్లండ్ దగ్గరి ఐల్సా క్రెయిగ్ ద్వీపానికే ప్రత్యేకమైన రాతి ముక్కలు ఐరిష్ సముద్రతీరాల హిమ నిక్షేపాలలో దొరకడం మంచు నడిచిన దారికి బలమైన సాక్ష్యం. ఈ వివాదం దశాబ్దాలపాటు సాగింది. చివరకు హిమవాదమే నిలిచింది. ఆ కొండమీదికి సముద్రం ఎక్కలేదు. దాని అడుగును మంచు మోసుకొని ఎక్కింది.

ఈ ఉదాహరణను చూసి హిమ నిక్షేపాల దగ్గర దొరికిన సముద్రజీవి అవశేషాలన్నీ మంచు మోసినవేనని నిర్ణయిస్తే అది మరొక పొరపాటు. 1849లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, షార్లెట్ అనే ఊరి దగ్గర రైలుమార్గం కోసం నేల తవ్వుతుండగా బంకమట్టిలో ఎముకలు బయటపడ్డాయి. ఆ చోటు సముద్రానికి సుమారు 240 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. జడాక్ థాంప్సన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆ ఎముకలను సేకరించి, ఓపికగా పరిశీలించి, అవి తెల్లతిమింగలం ఎముకలని తేల్చాడు. ఆ జీవి నేడు ఉత్తరధ్రువ ప్రాంతపు సముద్రాలలోను, సెయింట్ లారెన్స్ నది ముఖద్వారంలోను జీవిస్తున్నది. ఇక్కడి సాక్ష్యం వేల్స్ సాక్ష్యానికి భిన్నమైనది. అవశేషాలున్నది గండశిలల మట్టిలో కాదు. నిశ్చలమైన నీటిలో మెల్లగా పేరుకొన్న మెత్తని బంకమట్టిలో. ఒకే జంతువు ఎముకలు ఒకేచోట ఉన్నాయి. ఆ ప్రాంతపు బంకమట్టిలో చల్లని సముద్రపు చిప్పలు కూడా ఉన్నాయి. అంటే అక్కడికి నిజంగానే సముద్రం వచ్చింది.

దానికి కారణం కూడా మంచే. మహా హిమఫలకపు బరువుకు భూమి పైపొర కిందికి కుంగింది. మంచు కరిగి వెనుకకు తగ్గినప్పుడు ఆ పల్లంలోకి అట్లాంటిక్ సముద్రజలాలు చొచ్చుకొనివచ్చాయి. సుమారు 13 వేల సంవత్సరాల క్రితం ఏర్పడిన ఆ జలభాగాన్ని చాంప్లేన్ సముద్రం అంటారు. బరువు తొలగిన నేల మెల్లగా పైకి లేచింది. సముద్రం వెనుదిరిగింది. తిమింగలం ఎముకలు మట్టిలో మిగిలిపోయాయి.

ఇటువంటి కథ భారతదేశంలో కూడా ఉన్నది. అది వేల ఏళ్లనాటిది కాదు. దాదాపు 29 కోట్ల ఏళ్లనాటిది. అప్పుడు భారతభూభాగం దక్షిణధ్రువానికి చేరువలో, గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉండేది. ఆనాటి హిమ నిక్షేపాలను ఒడిశాలోని తాల్చేరు పేరుమీద తాల్చేరు పొరలు అంటారు. గోదావరి లోయలో సింగరేణి బొగ్గుపొరలకు దిగువన కూడా ఈ పొరలున్నాయి. నేటి తెలంగాణ సరిహద్దుకు సమీపంలో, మహారాష్ట్రలోని చంద్రపూర్ ప్రాంతంలో, పెన్‌గంగ నది దగ్గరి ఇరాయి గ్రామంలో మంచు గీరిన గీతలున్న సున్నపురాతి నేల 19వ శతాబ్దంలోనే బయటపడింది. ఎండలకు పేరుపొందిన ఆ నేలమీద ఒకనాడు హిమానీనదం నడిచిందనడానికి ఆ గీతలే సాక్ష్యం.

ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ దగ్గర, హస్‌దేవ్ నది ఒడ్డున, ఈ తాల్చేరు పొరలలో సముద్రజీవుల శిలాజాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది యూరిడెస్మా అనే ఆలిచిప్ప జాతి జీవి. అది చల్లని సముద్రాలలో నివసించేది. దాని చిప్ప కొన దగ్గర చాలా మందంగా ఉంటుంది. అంచులు చెరిగినా మందమైన ఆ భాగం గుర్తింపునకు ఆధారమవుతుంది. ఇటువంటి చిప్పలే ఆస్ట్రేలియాలో, ఆఫ్రికా దక్షిణభాగంలో, దక్షిణ అమెరికాలో అదే కాలపు హిమ నిక్షేపాల దగ్గర లభించాయి. నేడు మహాసముద్రాలు వేరుచేసిన ఈ ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్పే సాక్ష్యాలలో ఈ చిప్ప ఒకటి. మసకబారిన ఒక చిప్పను సరిగా గుర్తించడంలో ఎంత బాధ్యత ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది. పేరు తప్పితే ఖండాల చరిత్రలో ఒక లంకె తెగిపోతుంది. లేదా లేని లంకె ఒకటి పుట్టుకొస్తుంది. మనేంద్రగఢ్ శిలాజ ప్రాంతాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది.

మిషిగన్‌లోని పగడం, వేల్స్‌లోని చిప్ప, వెర్మాంట్‌లోని తిమింగలం, మనేంద్రగఢ్‌లోని యూరిడెస్మా నాలుగూ మంచుతో సంబంధమున్న సముద్రజీవులే. కాని వాటి చరిత్రలు వేర్వేరు. మొదటిది ప్రాచీన శిలనుండి మంచు పెకలించినది. రెండవది సముద్రగర్భంనుండి మంచు ఎత్తుకొచ్చినది. మూడవది మంచు వెనుక వచ్చిన సముద్రంలో చనిపోయినది. నాలుగవది మంచు అంచున ఉన్న సముద్రంలోనే బతికినది. రాయి ఒక్కటే చేతిలో ఉంటే ఈ భేదం తెలియదు. అది ఏ పొరలో దొరికింది, ఎంత లోతున దొరికింది, దాని పక్కన ఏమేమి ఉన్నాయి, చిప్పలు జతగా ఉన్నాయా విడిగా ఉన్నాయా అన్న వివరాలు కావాలి. అందుచేత శిలాజం దొరికినప్పుడు దానిని ఊడబెరికి జేబులో వేసుకొనడం సగం సాక్ష్యాన్ని నాశనం చేయడమే అవుతుంది. దొరికిన స్థలాన్ని, తేదీని, పొరను రాసి, వీలైతే ఛాయాచిత్రం తీసి, ఆ కాగితాన్ని రాతితోపాటే భద్రపరచడం శిలాజ శాస్త్రంలో తొలి పాఠం. రక్షిత ప్రాంతాలలోనైతే రాతిని కదిలించకుండా సంబంధిత అధికారులకు తెలియజేయాలి.

జాగ్రత్తగా రాసిన చీటీ పక్కన ఉంటే, నేడు పేరు తెలియని మసక ముక్కకు కూడా రేపు పేరు దొరికే అవకాశం ఉన్నది. చీటీ లేని రాయి ఎంత అందమైనదైనా తన సముద్రం ఏదో చెప్పుకొనలేదు.